జ్వరంలో ఫిట్స్: ఆ అయిదు నిమిషాల్లో ఇంట్లో జరిగేది

పద్నాలుగు నెలల పిల్లవాడికి సాయంత్రం నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది. పాలు తాగి పడుకున్నవాడు రాత్రి ఉన్నట్టుండి కర్రలా బిగుసుకుపోతాడు. కళ్లు తేలేస్తాడు, పళ్లు గిట్టకరుచుకుపోతాయి, పెదాల చుట్టూ నీలం కమ్ముతుంది, ఆ వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలవుతుంది. పిలిస్తే పలకడు. ఒకటి రెండు నిమిషాలకు ఒళ్లు సడలి, పెద్దగా ఊపిరి తీసుకుని, మగతగా నిద్రలోకి జారుకుంటాడు. ఈలోగా ఇల్లంతా లేస్తుంది. ఒకరు స్పూను తెస్తారు, ఒకరు తాళాల గుత్తి బిడ్డ పిడికిట్లో పెడతారు, ఒకరు ఉల్లిపాయ చిదిమి ముక్కు దగ్గర పట్టుకుంటారు, మరొకరు చెంబెడు నీళ్లు ముఖాన కొడతారు, తల్లి బిడ్డను గుండెలకు అదుముకుని ఊపుతూ పేరు పెట్టి పిలుస్తుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉంటాయి గానీ టైము చూసేవారు మాత్రం ఉండరు.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరంతో పాటు వచ్చే ఇలాంటి ఫిట్స్‌ను వైద్యులు ఒక ప్రత్యేక వర్గంగా చూస్తారు. మెదడులో ఇన్‌ఫెక్షన్ లేకపోవాలి, రక్తంలో చక్కెర, లవణాల తేడా లేకపోవాలి, జ్వరం లేనప్పుడు ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉండకూడదు. అప్పుడే వీటిని జ్వరపు ఫిట్స్ అంటారు. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య వయసులో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా, యూరప్ దేశాల పిల్లల్లో 2 నుంచి 5 శాతం మందికి, జపాన్‌లో 8 శాతం దాకా ఇవి వస్తాయని లెక్క. మన దేశానికి 5 నుంచి 10 శాతం అన్న అంచనా పిల్లల వైద్యుల్లో వాడుకలో ఉంది. అంటే ముప్ఫై మంది చిన్నపిల్లలున్న అంగన్‌వాడీ కేంద్రంలో ఒకరిద్దరైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం దాటినవారై ఉంటారు. ఇంత మామూలుగా వచ్చేదే అయినా, తన బిడ్డకు వచ్చేవరకు దీని పేరు కూడా వినని తల్లిదండ్రులే ఎక్కువ.

ముంబైలోని ఒక బోధనాసుపత్రికి జ్వరపు ఫిట్స్‌తో వచ్చిన 140 మంది పిల్లల తల్లిదండ్రులను ప్రశ్నించి, 2001లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఈ విషయంలో ఇప్పటికీ చదవదగ్గది. అందులో 90 శాతం మంది బిడ్డ చనిపోతున్నాడనే అనుకున్నారు. జ్వరం వల్ల ఫిట్స్ రావచ్చన్న సంగతి దాదాపు 78 శాతం మందికి తెలియదు. వచ్చింది ఫిట్స్ అని గుర్తించలేకపోయినవారు 59 శాతం. ఇంట్లో థర్మామీటర్ ఉన్నవారు 15 శాతమే. ఆ తర్వాత వచ్చిన ప్రతి జ్వరమూ పీడకలలా గడిచిందని 40 శాతం మంది చెప్పారు. ఇవాళ థర్మామీటర్ చాలా ఇళ్లలో ఉంది, సమాచారం ఫోన్‌లోనే ఉంది. అయినా మొదటి అంకె పెద్దగా మారి ఉంటుందని నమ్మడం కష్టం. కళ్ల ముందు బిడ్డ నీలంగా మారి ఊపిరి బిగబట్టినట్టు కనిపిస్తే, చదువుకున్నవారికైనా మొదట తట్టేది చావే. అందుచేత తల్లిదండ్రులు భయపడుతున్నారని విసుక్కోవడంలో అర్థం లేదు. ఆ భయంలో చేతులు ఏం చేస్తున్నాయన్నదే పట్టించుకోవాల్సిన విషయం.

మాటల దగ్గరే కొంత గందరగోళం మొదలవుతుంది. వాడుక తెలుగులో ఫిట్స్ అన్నా మూర్ఛ అన్నా ఒకటే. జ్వరంతో ఒక్కసారి వచ్చి పోయేదానికీ, ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన మూర్ఛవ్యాధికీ జనం వాడుకలో వేర్వేరు పేర్లు లేవు. వైద్యుడు 'జ్వరానికి వచ్చిన ఫిట్స్' అని చెప్పినా ఇంటికి చేరేసరికి అది 'ఫిట్స్ జబ్బు' అవుతుంది. ఆడపిల్ల అయితే పెళ్లి మాట దాకా ఆలోచన పోతుంది. దీనివల్ల మరో నష్టం కూడా ఉంది. జ్వరపు ఫిట్స్ కుటుంబాల్లో నడిచే లక్షణం. అమ్మానాన్నల్లోనో, తోడబుట్టినవారిలోనో ఎవరికైనా చిన్నప్పుడు వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యుడికి పనికొస్తుంది. కానీ 'మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయా' అని అడిగితే 'మా ఇంటావంటా లేవండీ' అన్న జవాబే ముందు వస్తుంది. కాసేపటికి నానమ్మ గొంతు తగ్గించి, వీళ్ల నాన్నకూ రెండేళ్లప్పుడు జ్వరంలో ఒకసారి ఇలాగే కళ్లు తేలేశాయని చెబుతుంది. తల్లిదండ్రులకు ధైర్యం చెప్పే సమాచారం నిజానికి అదే. ఆ తండ్రి నిక్షేపంగా పెరిగి, పనిచేసుకుంటూ ఎదురుగా నిలబడి ఉంటాడు.

పాత పేర్లలో బాలగ్రహం ఒకటి. సుశ్రుత సంహిత తొమ్మిది బాలగ్రహాలను చెబుతుంది. వాటిలో స్కందాపస్మారం అన్న పేరులోనే అపస్మారం, అంటే మూర్ఛ, ఉంది. చంటిబిడ్డ హఠాత్తుగా బిగుసుకుపోవడాన్ని ఎవరో ఆవహించినట్టు చూడటం ఎంత పాతదో దీన్నిబట్టి ఊహించవచ్చు. దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం ఈ చూపు నుంచే వచ్చాయి. తాయెత్తుతో వచ్చిన హాని లేదు. కట్టించడానికి పోయిన గంట వల్ల హాని ఉండవచ్చు. వాతలు పెట్టడం అలా వదిలేయదగ్గది కాదు. కాల్చిన ఇనుముతోనో పసుపుకొమ్ముతోనో పసిబిడ్డ ఒంటిమీద కాల్చినప్పుడు చర్మం కాలి, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది. ఫిట్స్ తనంతట తాను ఆగిపోయే గుణమే ఈ పద్ధతులన్నింటికీ పేరు తెచ్చిపెట్టింది. తాళాల గుత్తి పట్టించిన నిమిషానికి ఆగింది కాబట్టి గుత్తి ఆపిందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. పట్టించకపోయినా ఆ నిమిషానికే ఆగేది.

'జ్వరం తలకెక్కింది' అన్న మాట కూడా ఇలాంటిదే. జ్వరం ఎక్కువయ్యే కొద్దీ ఫిట్స్ ఖాయమన్న అర్థం అందులో ఉంది. 1980లో అమెరికా పిల్లల వైద్యుడు బార్టన్ ష్మిట్ తల్లిదండ్రుల్లో జ్వరం పట్ల ఉన్న అతి భయానికి ఒక పేరే పెట్టాడు, జ్వరభయం అనుకోవచ్చు. ఫిట్స్ విషయంలో ఈ భయం కుటుంబాన్ని తప్పుదారి పట్టిస్తుంది. జ్వరం వచ్చినప్పుడు శరీరం విడుదల చేసే కొన్ని రసాయనాలు, పెరిగిన వేడి కలిసి ఇంకా పూర్తిగా ఎదగని మెదడులోని విద్యుత్ చర్యను కాసేపు అదుపు తప్పిస్తాయి. ఏ బిడ్డలో అది జరుగుతుందన్నది చాలావరకు పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని బట్టి ఉంటుంది. 104 డిగ్రీల జ్వరంతో ఆడుకుంటూ తిరిగే పిల్లలున్నారు, 101 దగ్గరే ఫిట్స్ వచ్చే పిల్లలూ ఉన్నారు. తక్కువ జ్వరానికే వచ్చిన బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని కూడా తేలింది. చాలాసార్లు జ్వరం ఉందన్న సంగతి ఇంట్లోవారికి తెలిసేది ఫిట్స్ వచ్చాకే. అందుకే 'జ్వరం వస్తే చూసుకోలేదా' అని తల్లిని నిలదీయడం, ఆసుపత్రి వరండాలో తరచూ వినిపించేదే అయినా, వైద్యపరంగా అర్థంలేని మాట.

జ్వరం మందు క్రమం తప్పకుండా వేస్తూ ఉంటే ఫిట్స్ రాకుండా ఆపవచ్చా అన్న ప్రశ్నను పరిశోధకులు చాలాసార్లు పరీక్షించారు. తర్వాతి జ్వరాల్లో ఫిట్స్ రాకుండా పారాసెటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ కాపాడతాయన్న ఆధారం దొరకలేదు. అదే జ్వరంలో రెండోసారి రాకుండా కొంత పనికొస్తుందని జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనం చూపింది గానీ, దాన్ని పట్టుకుని రాత్రంతా అలారం పెట్టుకుని బిడ్డను లేపి మందు పోయాల్సిన పనిలేదు. జ్వరం మందు బిడ్డ బాధ తగ్గడానికి. ఆ ఉద్దేశంతో వేస్తే సరిపోతుంది. చన్నీళ్లతో తుడవడం, ఐసు ముక్కలు రుద్దడం వల్ల బిడ్డ వణికిపోవడం తప్ప లాభం లేదు. పలుచటి బట్టలు వేసి, తాగడానికి తరచూ ఏదో ఒకటి ఇస్తూ ఉండటమే మేలు.

ఈ ఆత్రంలో జరిగే అసలు ప్రమాదం సీసా దగ్గర ఉంది. పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల విరామంతో ఉంటుంది. పది కిలోల బిడ్డకు ఒక డోసు 150 మిల్లీగ్రాములు. మందుల షాపులో దొరికేవి మూడు రకాలు. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటాయి, మరోదానిలో 240 లేదా 250 ఉంటాయి, చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటాయి. అదే 150 మిల్లీగ్రాములకు మొదటిది దాదాపు 6 మిల్లీలీటర్లు, రెండోది 3, చుక్కల మందు ఒకటిన్నర. పేరు ఒకటే, అట్టపెట్టె బొమ్మ ఇంచుమించు ఒకటే. పోయినసారి సిరప్ 6 మిల్లీలీటర్లు పోశాం కదా అని ఈసారి చుక్కల సీసాలోంచి 6 మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ కడుపులోకి పోయేది 600 మిల్లీగ్రాములు. జలుబు సిరప్‌లలోనూ పారాసెటమాల్ కలిసి ఉండటం, అమ్మ ఒకసారి నాన్న ఒకసారి వేయడం వంటివి తోడైతే రెండు రోజుల్లో కాలేయం దెబ్బతినే స్థాయికి చేరడం అసాధ్యమేమీ కాదు. జ్వరం త్వరగా దిగుతుందని ఒకప్పుడు తెగ వాడిన నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ పిల్లల జ్వరానికి వాడకూడనిదే.

ఇక ఫిట్స్ వచ్చిన ఆ క్షణాల్లో చేయాల్సింది చాలా కొద్ది. బిడ్డను నేల మీదో, కిందపడే వీలులేని మంచం మీదో పడుకోబెట్టి ఒక పక్కకు తిప్పాలి. లాలాజలమో వాంతో ఉంటే పక్క నుంచి కారిపోతుంది, ఊపిరి గొట్టంలోకి దిగదు. మెడ చుట్టూ బిగుతుగా ఉన్నవి వదులు చేయాలి, చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేయాలి. టైము చూడాలి. ఇంతే. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులను అదిమిపట్టడం వల్ల ఫిట్స్ ఆగవు, కండరాలు నొప్పి చేస్తాయి. నోట్లో స్పూనో వేలో పెట్టడం వెనక నాలుక మింగేస్తాడన్న భయం ఉంది. నాలుకను ఎవరూ మింగలేరు. స్పూను వల్ల పాలపళ్లు విరిగి గొంతులో పడవచ్చు, వేలు పెట్టినవారి వేలు తెగవచ్చు, పక్కకు తిప్పడానికి ఉపయోగపడాల్సిన నిమిషం నోరు తెరిపించే పెనుగులాటలో పోతుంది. నీళ్లు పోయడం, సిరప్ పోయడం అన్నింటికన్నా ప్రమాదకరం. ఫిట్స్ ఆగిన తర్వాత కూడా బిడ్డ మగతలో ఉన్నంతసేపూ మింగే శక్తి సరిగా ఉండదు. జ్వరం దించాలన్న తొందరలో అప్పుడు పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పూర్తిగా మెలకువ వచ్చి, మనిషిని గుర్తుపట్టి ఏడ్చేదాకా నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు.

టైము చూడమనడం చాదస్తంగా అనిపించవచ్చు గానీ, వైద్యుడు తీసుకోబోయే నిర్ణయాల్లో సగం దాని మీదే ఆధారపడతాయి. ఒళ్లంతా ఒకేలా కొట్టుకుని, పదిహేను నిమిషాలు దాటకుండా, ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారే వస్తే దాన్ని సాధారణ రకం అంటారు. ఒక పక్కకే వచ్చినా, అంతకుమించి సాగినా, అదే రోజు మళ్లీ వచ్చినా అది క్లిష్టమైన రకం. చాలామందిలో రెండు మూడు నిమిషాల్లోనే ముగుస్తుంది. కానీ చూసేవారికి ఆ రెండు నిమిషాలు ఇరవైలా ఉంటాయి. ఫిట్స్ ఆగాక వచ్చే మగత నిద్రను కూడా కలిపి 'అరగంట కొట్టుకున్నాడండీ' అని చెబుతారు. ఆ మాట నమ్మిన చోట అవసరంలేని స్కానింగ్ జరుగుతుంది. నమ్మని చోట నిజంగా అరగంట కొట్టుకున్న బిడ్డను తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంటుంది. ఒకరు బిడ్డను చూస్తుంటే మరొకరు ఫోన్‌లో అర నిమిషం వీడియో తీస్తే, మాటల్లో పదిసార్లు చెప్పినదానికంటే వైద్యుడికి ఎక్కువ తెలుస్తుంది. తీసినందుకు ఇంట్లోవారు తిట్టవచ్చు. కళ్లు ఏ వైపు తిరిగాయో, ఏ చేయి ముందు కొట్టుకుందో, అది అసలు ఫిట్సా లేక చలిజ్వరం కుదుపా అన్నది అందులో కనిపిస్తుంది. చలి కుదుపులో బిడ్డ వణుకుతూనే తల్లిని చూస్తాడు, పిలిస్తే పలుకుతాడు.

అయిదు నిమిషాలు దాటినవి తమంతట తాము ఆగే అవకాశం తగ్గుతుంది. అందుకే ఆసుపత్రిలోనైనా ఇంట్లోనైనా ఫిట్స్ ఆపే మందు వేయడానికి అయిదు నిమిషాలను గీతగా పెట్టుకున్నారు. ముందొకసారి ఎక్కువసేపు వచ్చిన పిల్లలకు మిడజోలం ముక్కు స్ప్రే ఇంట్లో ఉంచుకోమని వైద్యులు రాసిస్తున్నారు. మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, పది కిలోల బిడ్డకు 2 మిల్లీగ్రాములు. ఒక్క నొక్కుకు 0.5 మిల్లీగ్రాములు వచ్చే సీసా అయితే ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి నొక్కులు. వినడానికి సులువే. కానీ కొత్త సీసాను మొదట గాలిలోకి కొన్నిసార్లు నొక్కి మందు బయటికి వస్తోందో లేదో చూడాలని, గడువు తేదీ దాటితే మార్చుకోవాలని, ఎక్కువ వేస్తే ఊపిరి మందగిస్తుందని కొనేటప్పుడు చెప్పేవారు అరుదు. బీరువాలో భద్రంగా దాచిన స్ప్రేతో మరో ఇబ్బంది, అది ఎక్కడుందో అమ్మకు తప్ప ఎవరికీ తెలియకపోవడం. అయిదు నిమిషాలు దాటినప్పుడు, ఇంట్లో స్ప్రే లేకపోతే, బైకు మీద బిడ్డను ఒళ్లో పడేసుకుని పరుగెత్తడం కంటే 108కి ఫోన్ చేయడం మంచిది. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది, బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టే వీలుంటుంది. దూరపు ఊళ్లలో ఈ సలహా అన్నివేళలా కుదరదు. అక్కడ ఏ బండి ముందు దొరికితే అందులో, పక్కకు తిప్పి పడుకోబెట్టే తీసుకెళ్లాలి.

రెండు నిమిషాల్లో ఆగిపోయినా, మొదటిసారి వచ్చిన బిడ్డను అదే రోజు వైద్యుడికి చూపించి తీరాలి. ఇక్కడ ధైర్యం చెప్పడం ఒక హద్దు దాటితే ప్రమాదం. జ్వరమూ ఫిట్సూ కలిసి వచ్చే జబ్బులు మరికొన్ని ఉన్నాయి, తెలుగు నేలకు వాటి జ్ఞాపకం చేదుగానే ఉంది. 2003 జూన్ నుంచి ఆగస్టు మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడంతో 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. ఇసుక ఈగల ద్వారా వ్యాపించే చాందీపురా వైరస్ దానికి కారణమని తర్వాత తేల్చారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. 'మెదడువాపు' అన్న మాట వినగానే ఊళ్లలో కలిగే వణుకు ఊరికే పుట్టలేదు. పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతంలో జ్వరంతో ఫిట్స్ వస్తే మలేరియా మెదడుకు పాకిందేమోనని ముందు రక్తపరీక్ష చేయాల్సిందే.

జ్వరపు ఫిట్స్‌కూ ఈ జబ్బులకూ తేడా ఎక్కువగా ఫిట్స్ ఆగిన తర్వాతి గంటలో కనిపిస్తుంది. మామూలు జ్వరపు ఫిట్స్ వచ్చిన బిడ్డ కాసేపు పడుకుని, లేచి, తల్లిని పోల్చుకుని, పాలకు ఏడుస్తాడు. గంట గడిచినా మగత వీడకపోవడం, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, నడినెత్తిన మాడు ఉబ్బడం, ఒంటిమీద ఊదారంగు మచ్చలు, ఒక చేయీ కాలూ కదపలేకపోవడం కనిపిస్తే ఇది వేరే జబ్బు కావచ్చునని అనుకుని పరుగెత్తాలి. ఆరు నెలల లోపు బిడ్డకు, అయిదేళ్లు దాటాక మొదటిసారి వచ్చిన బిడ్డకు కూడా ఈ పేరు తగిలించి ఊరుకోకూడదు. అప్పటికే నాలుగు రోజులుగా యాంటీబయాటిక్ వాడుతున్న బిడ్డ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సగం మందు పడటం వల్ల మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, లక్షణాలు మరుగున పడి ఉండవచ్చు. ఏ మందు వాడారో పేరు తెలియకపోతే సీసానే వెంట తీసుకెళ్లాలి.

అలాంటి అనుమానం ఉన్నప్పుడు వైద్యుడు వెన్ను నుంచి నీరు తీసి పరీక్షించాలంటాడు. చాలా కుటుంబాలు వెనక్కి తగ్గేది ఇక్కడే. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని ఎవరో చెప్పి ఉంటారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది వేసేది దానికి దిగువన, నీరూ నరాల పోగులూ మాత్రమే ఉన్న చోట. కాళ్లు పడిపోయిన బిడ్డ కథ ఎక్కడైనా నిజమైతే అది చాలావరకు జబ్బు చేసిన పని, నింద సూది మీద పడి ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఈ పరీక్షకు ఒప్పుకోకుండా 'మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం' అని సంతకం చేసే కుటుంబమే తలకు స్కానింగ్ తీయించమని పట్టుబడుతుంది. సాధారణ రకం ఫిట్స్ వచ్చి కోలుకున్న బిడ్డకు స్కానింగూ అక్కర్లేదు, మెదడు విద్యుత్ చర్యను చూసే ఈఈజీ పరీక్ష కూడా అక్కర్లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011 మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగానే చెప్పాయి. అయినా రాసేవారు రాస్తూనే ఉన్నారు. అడిగేవారు ఉన్నంతకాలం రాయకుండా ఉండటం ప్రైవేటు వైద్యంలో తేలిక కాదు, కాదనడానికి పదిహేను నిమిషాలు కూర్చుని మాట్లాడాలి.

తర్వాత ఏమవుతుందన్న దానికి గట్టి లెక్కలు ఉన్నాయి. అమెరికాలో పుట్టినప్పటి నుంచి వేలమంది పిల్లలను అనుసరించిన ఒక పెద్ద అధ్యయనంలో జ్వరపు ఫిట్స్ వచ్చిన 1,706 మందిని ఏడేళ్ల వయసు వరకు చూశారు. వారిలో మూర్ఛవ్యాధి వచ్చినవారు 2 శాతం. అవి రాని పిల్లల్లో ఇది అర శాతం నుంచి ఒక శాతం ఉంటుంది. క్లిష్టమైన రకం, ముందునుంచే ఎదుగుదలలో లోపం, కుటుంబంలో మూర్ఛవ్యాధి ఉంటే ఆ అంకె పెరుగుతుంది. తెలివితేటల్లో తోడబుట్టినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. జ్వరంలో మళ్లీ ఫిట్స్ రావడం మాత్రం అరుదు కాదు: మూడో వంతు పిల్లల్లో వస్తాయి, ఏడాదిలోపే మొదటిసారి వచ్చినవారిలో దాదాపు సగం మందికి. ఈ సంగతి ముందే చెప్పకుండా 'ఏం కాదు, ఇక రావు' అని ఇంటికి పంపితే, రెండోసారి వచ్చిన రోజున ఆ కుటుంబం వైద్యుణ్ణి మార్చేస్తుంది.

రాకుండా రోజూ మందు వాడితే పోలేదా అన్న ఆలోచన ఒకప్పుడు వైద్యులదే. గార్డినాల్ పేరుతో మనకు తెలిసిన ఫినోబార్బిటోన్‌ను ఏళ్ల తరబడి వాడించేవారు. 1990లో వెలువడిన అమెరికా పరీక్షలో ఆ మందు రెండేళ్లు వాడిన పిల్లల ఐక్యూ, ఉత్తుత్తి మందు వాడినవారికంటే 8 పాయింట్లకు పైగా తక్కువగా తేలింది. ఫిట్స్ తగ్గిన దాఖలా కూడా దొరకలేదు. ఫిట్స్ వల్ల తెలివి తగ్గుతుందేమోనని భయపడి వేసిన మందే తెలివిని తగ్గించిందన్నమాట. ఇప్పుడు మన దేశంలో ఫిట్స్ రాకుండా ఎక్కువగా రాసే మందు క్లోబజామ్, అదీ జ్వరం ఉన్న రెండు మూడు రోజులే. మాటిమాటికీ ఫిట్స్ వచ్చే పిల్లల్లో, ఆసుపత్రి దూరమైన ఊళ్లలో దానికి చోటు ఉంది. ఒక్కసారి వచ్చిన ప్రతి బిడ్డకూ రాయడం సరైనదిగా తోచదు. ఆ మందుతో బిడ్డ మగతగా, తూలుతూ ఉంటాడు. అప్పుడు ఆ మగత మందుదా మెదడువాపుదా అని తేల్చుకోవడం తల్లిదండ్రులకే కాదు, వైద్యుడికీ కష్టమే.

రెండు చిన్న విషయాలు తరచూ మరుగున పడతాయి. జ్వరపు ఫిట్స్ వచ్చిన పిల్లల్లో ఇనుము లోపం ఎక్కువగా కనిపిస్తోందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇనుము వేస్తే ఫిట్స్ ఆగిపోతాయని చెప్పలేం గానీ, స్కానింగ్‌కు పెట్టే వేల రూపాయల బదులు ఒక రక్తపరీక్ష చేయించి, లోపం ఉంటే సరిచేయడం ఎలా చూసినా మంచిదే. రెండోది టీకా. డీపీటీ వేసిన రోజునో, తట్టు టీకా వేసిన వారం పది రోజులకో జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. అలా వచ్చినందుకు మిగతా టీకాలు మానేస్తే, తట్టు, కోరింతదగ్గు లాంటి జబ్బులకు బిడ్డను వదిలేసినట్టే. టీకా వేసే ఏఎన్ఎంకు ముందు జరిగింది చెప్పి, ఇంట్లో సిద్ధంగా ఉండి వేయించుకోవడం సరైన పద్ధతి.

మొదటి ఫిట్స్ తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు చేతికి వచ్చే డిశ్చార్జి కాగితంలో సాధారణంగా ఇంగ్లీషులో రోగం పేరు, నాలుగు మందులు ఉంటాయి. రాత్రి పదకొండింటికి ఫిట్స్ వచ్చినప్పుడు ఆ కాగితం ఎవరికీ ఉపయోగపడదు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక పేజీలో రాయగలిగేదే ఇదంతా: పక్కకు తిప్పండి, నోట్లో ఏదీ పెట్టకండి, టైము చూడండి, అయిదు నిమిషాలు దాటితే ఇన్ని నొక్కులు, 108. అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో బిడ్డ పగలంతా ఉండేది అమ్మమ్మ దగ్గరో, క్రెష్‌లోనో, అంగన్‌వాడీలోనో కాబట్టి దాని నకలు అక్కడా ఉండాలి. ఆ పేజీలో పారాసెటమాల్ ఎన్ని మిల్లీలీటర్లో, ఏ సీసాలోంచో, స్ప్రే ఎన్ని నొక్కులో పక్కనే బిడ్డ బరువు కూడా రాసి, తేదీ వేయాలి. తొమ్మిది కిలోలప్పుడు వేసిన లెక్క పదమూడు కిలోల బిడ్డకు చాలదు. ప్రతి టీకాకూ బిడ్డను తూకం వేస్తారు; ఆ రోజే ఈ కాగితం మీది అంకె కూడా కొట్టేసి మార్చుకోవచ్చు.